పడవ అడుగున పలకపెట్టె

చక్కగా కుదిరిన పడవ అడుగును రంపంతో కోయవలసి వచ్చినప్పుడు ఎంతటి పనివాని చేయి అయినా ఒక క్షణం ఆగుతుంది. పలకకు పలక చేర్చి, సందులు పూడ్చి, రంగు మీద రంగు వేసి, చుక్క నీరు లోపలికి రాకుండా నెలల తరబడి శ్రమించిన తరువాత, నట్టనడుమ రెండు మూడు అడుగుల పొడవున తానే ఒక చీలిక చేయాలి. చేయకపోతే ఆ పడవ గాలి తోసినవైపే పోతుంది గాని, మనం కోరినవైపు రాదు. సొంతంగా తెరచాప పడవను తయారు చేసుకొనేవారికి ఎదురయ్యే సమస్యలలో ఇది అన్నిటికంటె కఠినమైనది. ఆ చీలికపై నిలిపే పెట్టె సరిగా కుదిరితే పడవ గాలికి ఎదురు నడుస్తుంది. కుదరకపోతే నడినీటిలో నీరు తోడుకొంటూ కూర్చోవలసి వస్తుంది.

అసలు ఈ పెట్టె ఎందుకు? పక్కనుండి వీచే గాలి తెరచాపను ముందుకు కొంత, పక్కకు అంతకంటె ఎక్కువగా తోస్తుంది. పక్కకు పోకుండా ఆపేది ఏదో ఒకటి నీటిలో ఉండాలి. రైలు చక్రాన్ని గుర్తు తెచ్చుకోండి. చక్రానికి లోపలివైపున ఒక అంచు ఉంటుంది. చక్రం ముందుకు దొర్లడానికి అది అడ్డురాదు. పట్టా మీదనుండి పక్కకు జారడానికి మాత్రం ఒప్పుకోదు. పడవ అడుగునుండి నీటిలోకి దిగే పలక చేసే పని కూడా అదే. అంచు ముందుగా నీటిని చీల్చుకొంటూ సులభంగా సాగుతుంది. వెడల్పువైపుగా కదలడానికి నీరు దానిని అడ్డుకొంటుంది. ఈ ఒక్క ఆధారంతోనే పడవ గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతూ, గాలి వచ్చే దిక్కుకే చేరుకోగలుగుతుంది.

పెద్ద ఓడలకు ఈ పనిని లోతైన అడుగు దూలం చేస్తుంది. ఇసుకమేటల నదులలో లోతైన దూలం పనికిరాదు. కావలసినప్పుడు దించి, అక్కరలేనప్పుడు ఎత్తుకోగల పలక అక్కడ అవసరం. ఆ పలకను ఎత్తినప్పుడు దాచుకొనే నిలువు అరయే పలకపెట్టె.

ఈ ప్రస్తావనకు ఖరగ్‌పూర్ కంటె తగిన ఊరు దొరకడం కష్టం. అది రైలు పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో అక్కడికి చేరింది. 1902లో తూర్పు తీరపు రైలు మార్గంలో వాల్తేరువైపు భాగం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చాక, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పనికోసం పెద్ద సంఖ్యలో అక్కడికి తరలివెళ్ళారు. వర్క్‌షాపులో, యార్డులో తరతరాలుగా పనిచేసినవారి కుటుంబాలు నేటికీ అక్కడ ఉన్నాయి. 1927లో ఆ రైల్వేలో జరిగిన కార్మికుల పోరాటంతో, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారి పేరు ముడిపడి ఉన్నది. చెక్కపెట్టెల కాలంలో రైలు బండికి తలుపు, కిటికీ, పైకప్పు వాన నీరు దిగకుండా అమర్చిన చేతులవి. కదిలే వస్తువులో చెక్క అతుకు ఎట్లా వదులవుతుందో వడ్రంగికి నేర్పడానికి రైలు పెట్టెను మించిన బడి లేదు.

అదే ఊరిలో, హిజ్లీ నిర్బంధ శిబిరం ఉన్న చోట, 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. వెలసింది. మరుసటి ఏడే అక్కడ నౌకా నిర్మాణ శాస్త్రానికి ఒక విభాగం ఏర్పడింది. సముద్రానికి దూరంగా ఉన్న ఆ ఊరిలో, పొడవాటి నీటి తొట్టిలో పడవ నమూనాలను లాగి నీటి నిరోధాన్ని కొలిచే ఏర్పాటు ఉన్నది. పలక పక్కకు ఎంత బలం కాస్తుందో, ముందుకు ఎంత అడ్డు పడుతుందో అటువంటి తొట్టెలలోనే లెక్క తేలుతుంది.

ఇక నది విషయం. ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ నడుమ కంసావతి పారుతుంది. స్థానికులు కాసాయ్ అంటారు. పురూలియా మెట్టలలో పుట్టి, దిగువన కేలెఘాయితో కలిసి హల్దీ అనే పేరుతో హుగ్లీలో చేరుతుంది. వానకాలంలో నిండుగా, వేసవిలో ఇసుకతిన్నెల మధ్య పాయలుగా కనిపించే నది అది. మేదినీపూర్ వద్ద ఆ నదికి అడ్డంగా కట్టిన కట్టడాన్ని అక్కడివారు ‘అనికట్’ అనే అంటారు. తమిళంలో పుట్టిన ఆ మాటను ధవళేశ్వరం పుణ్యమా అని మన గోదావరి జిల్లాలవారు కూడా ఎరుగుదురు. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత, సర్ ఆర్థర్ కాటన్ సలహాలతో ఒరిస్సా, మేదినీపూర్ ప్రాంతాలలో కాలువల పథకం 1860లలో మొదలయింది. సాగుకూ పడవల రాకపోకలకూ రెంటికీ పనికివచ్చేట్టు తవ్విన కాలువ అక్కడినుండి ఉలుబేరియావైపు సాగింది.

బెంగాల్ పడవలకు సాధారణంగా లోతైన అడుగు దూలం గాని, నడిమి పలక గాని ఉండవు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గడ వేసేవారు, లేదా గట్టున నడుస్తూ తాడుతో లాగేవారు. గోదావరి, కృష్ణా కాలువలపై మన సరంగులు చేసిందీ అదే. గాలికి ఎదురు పోవలసిన తొందర లేని చోట ఇది లోపం కాదు, వివేకం. ఒక ముచ్చట: ప్రపంచమంతటా చిన్న తెరచాప పడవను ‘డింగీ’ అంటున్నారు గదా, ఆ మాట బెంగాలీ, హిందీలలోని ‘డింగీ’యే. పేరు మనవద్దనుండి వెళ్ళింది. అడుగున పలక మాత్రం బయటినుండి వచ్చి చేరింది.

పూర్తిగా బయటిది అనడానికీ వీలులేదు. దుంగలను పక్కపక్కన కట్టిన కోరమండల్ తీరపు కట్టుమరాలపై తెరచాప ఎత్తినప్పుడు ఒక పలకను పక్కన నీటిలోకి దించే పద్ధతి ఉన్నది. దక్షిణ అమెరికా పశ్చిమ తీరంలో బాల్సా దుంగల తెప్పలవారు సందులలోనుండి పలకలను దించి, వాటిని ఎత్తుతూ దించుతూ తెప్పను మళ్ళించేవారు. 1947లో పెరూనుండి పసిఫిక్ మహాసముద్రం మీద 101 రోజులు ప్రయాణించిన ‘కాన్ టికి’ తెప్పకు కూడా అటువంటి పలకలు ఉన్నాయి. తెప్పకు ఈ పని సులభం; దుంగల నడుమ సందు ఎట్లాగూ ఉంటుంది, లోపలికి నీరు రావడం అనే ప్రశ్నే లేదు. బోలుగా ఉన్న పడవలోకి ఆ పలకను తేవాలంటేనే పెట్టె కావాలి. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన జాన్ షాంక్ 1774లో బోస్టన్‌లో జారుడు పలక గల పడవను కట్టించాడు. 1798లో కట్టిన ‘లేడీ నెల్సన్’ అనే 60 టన్నుల చిన్న ఓడకు మూడు జారుడు పలకలు అమర్చారు. అది 1800లో ఇంగ్లండునుండి బయలుదేరి ఆ సంవత్సరాంతానికే సిడ్నీ చేరింది. ఇరుసు మీద తిరుగుతూ లోపలికి మడుచుకొనే పలకకు 1811లో అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన స్వైన్ కుటుంబంవారు పేటెంటు పొందారు. తరువాత ప్లైవుడ్ వచ్చి, ఇంటి వసారాలోనే పడవ కట్టుకోవచ్చునని తేల్చింది. 1947లో రూపొందిన ‘ఆప్టిమిస్ట్’, 1962 నాటి ‘మిర్రర్’ అటువంటివి. మిర్రర్ పడవలు 70,000కు పైగా తయారైనాయి. వాటిలో చాలాభాగం ఇండ్లలో మామూలు మనుషులు కట్టుకొన్నవే.

ఇప్పుడు పెట్టె సంగతికి వద్దాం. మొదట ఒక సందేహం తీరాలి. అడుగున అంత చీలిక ఉంటే పడవ మునగదా? మునగదు. పెట్టెలో నీరు బయటి నీటి మట్టానికే లేస్తుంది, అంతకు మించి లేవదు. కనుక పెట్టె గోడలు బరువు ఎక్కిన పడవ నీటి మట్టంకంటె కనీసం ఒక జానెడు ఎత్తున ఉంటే చాలు. పైన తెరచి ఉన్నా ప్రమాదం లేదు. అలల తాకిడికి నీరు పైకి ఎగజిమ్మకుండా ఒక మూత ఉంటే మేలు. ప్రమాదం పైన కాదు, కింద ఉన్నది. గోడలు అడుగు దూలాన్ని కలిసే అతుకు ఎల్లప్పుడూ నీటి మట్టానికి దిగువనే ఉంటుంది.

ఆ అతుకు మీద పడే బలాన్ని అంచనా వేద్దాం. గట్టి గాలిలో పలక మీద పక్కకు 30 కిలోల బలం, పడవ అడుగుకు అర మీటరు దిగువన పడుతున్నదనుకొందాం. పలక మీట వలె పనిచేస్తూ పెట్టెను పక్కకు వంచ చూస్తుంది. పెట్టె పీఠం వెడల్పు 12 సెంటీమీటర్లే అయితే, ఒక పక్క అతుకును పైకి లాగే బలం 125 కిలోలకు చేరుతుంది. అదే పెట్టె తలభాగాన్ని 40 సెంటీమీటర్ల ఎత్తున అడ్డబల్లకు గట్టిగా బిగిస్తే, ఆ బల్ల 38 కిలోల లోపు బలాన్ని కాచి, అతుకును ఈ లాగుడునుండి చాలవరకు తప్పిస్తుంది. పెట్టె కారడానికి లప్పం మంచిది కాకపోవడం కంటె, పైన అడ్డబల్ల ఆసరా లేకపోవడమే తరచు కారణం. కదిలే అతుకును ఏ జిగురూ ఎంతో కాలం కాపాడలేదు.

కొలతలు నిర్ణయించడానికి ఒక మోటు లెక్క ఉన్నది. పలక వైశాల్యం తెరచాప వైశాల్యంలో 100కి 4 వంతులు ఉండాలి. 7 చదరపు మీటర్ల తెరచాపకు 0.28 చదరపు మీటరు, అంటే 35 సెంటీమీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. ఇక ఎక్కడ అమర్చాలి? పలక మరీ ముందుకు ఉంటే పడవ మాటిమాటికీ గాలివైపు మూతి తిప్పుతుంది. మరీ వెనుకకు ఉంటే గాలికి దూరంగా జారిపోతుంది. నమూనా పటంలో చూపిన స్థానాన్ని, మధ్యలో కూర్చోవడానికి అడ్డంగా ఉన్నదని జరపకూడదు. అడ్డంగా ఉండడం దాని స్వభావం.

చెక్క ఎంపికలో తొందర తగదు. మేదినీపూర్ పశ్చిమాన సాల వృక్షాల అడవులున్నాయి. సాల్‌బనీ అనే ఊరి పేరులోనే అవి ఉన్నాయి. రైలు పట్టాల కింద పరచిన స్లీపర్లకు సాల కర్ర పేరుపొందింది. అది దృఢమైనదే గాని బరువెక్కువ, ఆరేటప్పుడు పగులుతుంది. రైలు పట్టణాలలో పాత స్లీపరు కర్ర చవుకగా దొరికినా, అందులో దాగిన మేకుల ముక్కలు ఉలిని పాడుచేస్తాయి. నూనె మందు పట్టించినదైతే జిగురు అంటదు. పీఠపు పట్టెలకు బాగా ఆరిన టేకు, గోడలకు 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ శ్రేయస్కరం. మన దేశపు ప్రమాణం ప్రకారం దానిపై ఐ.ఎస్. 710 అనే ముద్ర ఉంటుంది. పలకను ఒకే వెడల్పు చెక్కతో చేస్తే వంకర తిరిగి పెట్టెలో బిగుసుకొంటుంది. సన్నని బద్దలను ఒకదాని రేఖలు ఒకవైపు, పక్కదానివి మరొకవైపు ఉండేట్టు తిప్పి అతికించాలి. లేదా ప్లైవుడ్‌తోనే చేసుకోవాలి.

పెట్టెకు భాగాలు ఆరే: రెండు గోడలు, ముందు వెనుకల రెండు కొసపట్టెలు, గోడల పాదాల వెంట రెండు పీఠపు పట్టెలు. పలక మందం 20 మిల్లీమీటర్లయితే కొసపట్టెల మందం 26 ఉండాలి. అప్పుడు ఇరువైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ మిగులుతుంది. నీటిలో చెక్క ఉబ్బుతుంది గనుక ఈ ఖాళీని తగ్గించకూడదు. పెంచినా చిక్కే, పలక లోపల టకటకమని కొట్టుకొంటుంది. కొసపట్టెలు పెట్టె పాదంతో ఆగిపోక, చీలికలోనుండి కిందికి దిగి, అడుగు దూలపు అడుగుతో సమంగా నిలవాలి. పెట్టె నాలుగు మూలలే నీరు మొదట వెతుక్కొనే దారులు.

గోడలను జోడించడానికి ముందే వాటి లోపలి ముఖాలకు రంగో, ఎపాక్సీయో రెండు మూడు పూతలు పూర్తిచేయాలి. ఒకసారి మూసిన తరువాత సుమారు ఒక అంగుళం వెడల్పే ఉన్న ఆ అరలోకి కుంచె పోదు. ఎప్పుడూ తడిగా, ఎప్పుడూ చీకటిగా ఉండే ఆ చోటనే చెక్క మొదట కుళ్ళుతుంది.

పడవ అడుగు సాధారణంగా కొంచెం వంపు తిరిగి ఉంటుంది. పీఠపు పట్టెలు ఆ వంపుకు వెంట్రుకవాసి తేడా లేకుండా అమరాలి. అందుకు మన వడ్రంగుల పాత ఉపాయమే ఉత్తమం. దూలం మీద సుద్ద పొడి రాసి, పట్టెను దానిపై ఉంచి, కొంచెం ఒత్తి తీయాలి. సుద్ద అంటిన చోట్లు ఎత్తైనవి. వాటిని మాత్రమే చిత్రికతో తీసి, మళ్ళీ ఉంచి చూడాలి. పట్టె పొడవునా సుద్ద సమానంగా అంటేదాకా ఈ పని సాగాలి. లప్పం దట్టంగా వేస్తే సందు మూసుకొంటుందిలే అని ఇక్కడ ఆపినవారు ప్రతి ఏటా ఆ పెట్టెను విప్పుతూ ఉంటారు.

చీలిక కోసేటప్పుడు రెండు కొసల బరమాతో రంధ్రాలు చేసి, గీతకు లోపలగా రంపం నడిపి, మిగిలినది ఉలితో సరిచేయాలి. చీలికకు అడ్డువచ్చిన అడుగు అడ్డకర్రలను కోయక తప్పదు. కోసిన కర్ర కొసలను పీఠపు పట్టెలకు బోల్టులతో మళ్ళీ ముడివేయాలి. లేకపోతే పడవ వెన్నెముకను మధ్యలో తెంచినట్లే అవుతుంది. రెండువైపులా కట్టుదిట్టం చేసిన పెట్టె, అడుగును బలహీనపరచడానికి బదులు దానికి నిలువు దూలం వలె బలమిస్తుంది.

పూర్వం అతుకులో దూది వత్తి, ఎర్ర సీసపు రంగు పెట్టేవారు. మన తీరాలలో గుగ్గిలం, నూనె కలిపి వాడేవారు. సీసం విషపదార్థం గనుక ఇప్పుడు పాలియురెథేన్ లప్పం మేలు. దానిని ధారాళంగా పూసి, పెట్టెను దించి, కిందినుండి స్క్రూలను నడుమనుండి కొసలవైపు వరుసగా బిగించాలి. అంచులవెంట లప్పం సమంగా పొంగిన చోట ఆపాలి. తొలిరోజే పూర్తి బలంతో బిగిస్తే లప్పమంతా బయటికి వచ్చి, చెక్క మీద చెక్క మాత్రమే మిగులుతుంది. అది గట్టిపడిన మరునాడు ఇంకొక అర తిప్పు చాలు. స్క్రూలు ఇత్తడివి, ఇనుపవి కాక కంచువి కావాలి. ఉప్పునీటిలో ఇత్తడి బలం కోల్పోతుంది. ఇనుము తుప్పుపట్టి చుట్టూ చెక్కను తినివేస్తుంది.

పలక తిరిగే ఇరుసు మరొక లీకుకు మూలం. దానిని వీలైనంతవరకు నీటి మట్టానికి పైన అమర్చాలి. వీలుకాకపోతే ఇరుపక్కలా రబ్బరు వాషర్లు వేసి బిగించాలి. చెక్క పలక నీటిలో తేలి పైకి లేస్తుందని మరవకూడదు. దించి ఉంచడానికి ఒక తాడు, ఎత్తడానికి ఒక తాడు ఉండాలి. దించే తాడు, పలక ఇసుకను తాకితే తనంతట జారి విడిచిపెట్టేట్టు ఉండాలి గాని, మొండిగా ముడివేసినది కారాదు.

నదికి తీసుకుపోకముందే పరీక్ష జరగాలి. పడవను దిమ్మెలపై ఎత్తి నిలిపి, చీలికను కిందినుండి రబ్బరు పట్టీ, బల్లతో మూసి, పెట్టె నిండా నీరు పోయాలి. బయట అతుకుల వెంట సుద్ద పొడి చల్లి రాత్రంతా విడిచిపెట్టాలి. తెల్లవారి సుద్ద ఎక్కడ తడిసి నల్లబడిందో అక్కడే లోపం. నడినదిలో పాదాల కింద తెలిసే విషయం వాకిట్లోనే తెలిసిపోతుంది. కాలువ గట్టున పదిమంది చూస్తూ ఉండగా కొబ్బరికాయ కొట్టే ఉత్సాహంలో ఈ ఒక్క రాత్రిని ఎవరూ దాటవేయరాదు.

కంసావతివంటి ఇసుక నదులలో పెట్టెకు వేరొక శత్రువు ఉన్నది. పడవను ఒడ్డుకు లాగినప్పుడు ఇసుక, గులకరాళ్ళు చీలికలో దూరి పలకను పట్టివేస్తాయి. పెట్టె మూతలో, పలక మీదుగా ఒక కర్రతో పొడవడానికి వీలైన రంధ్రం ఉంచుకోవాలి. చీలిక కింద ఇరువైపులా మేకు కొట్టిన రబ్బరు పట్టీలు ఇసుకను చాలావరకు ఆపుతాయి. పాత సైకిలు ట్యూబు అందుకు చాలు.

పెట్టె ఎంత బాగున్నా పడవ బోల్తాపడవచ్చు. బోల్తాపడి లేచిన పడవలోకి చీలికద్వారా నీరు సులభంగా చేరుతుంది. కనుక ముందు వెనుకల గాలి నిండిన మూసిన అరలు ఉండి తీరాలి. నీరు నిండినా తేలుతూ, మనుషులకు పట్టు ఇచ్చే పడవే పడవ. ఎక్కినవారందరూ తేలుడు చొక్కాలు తొడగాలి, పిల్లలైనా పెద్దలైనా. ఎగువన జలాశయమున్న నదిలో వానకాలంలో వదలిన నీరు చెప్పి రాదు. ఆ రోజులలో పడవ ఇంటి వద్దనే ఉండాలి.

ప్రతి వేసవిలోనూ పలకను బయటికి తీసి, పెట్టె లోపల దీపం వేసి చూడాలి. మూలలలో సన్నని మొనగల కత్తితో గుచ్చి చూస్తే చెక్క మెత్తబడిందో లేదో తెలుస్తుంది. గట్టిగా ఉన్న చోట మళ్ళీ ఒక పూత, మెత్తగా ఉన్న చోట కొత్త చెక్క. అడ్డబల్ల బోల్టులు వదులైనాయేమో చూసి బిగించాలి. ఏడాదికి ఒక పూట పని ఇది. ఈ పూట పని చేసే ఇంటివారి పడవలోనే పిల్లలను నిశ్చింతగా ఎక్కించవచ్చు.